ఆరు నెలల తాళం

7 సెప్టెంబరు 2006, గురువారం

సింహాచలం ఈ ఉదయం పోయింది. ఇంట్లోనే, మా మంచం మీదే.

నిన్న వినాయక నిమజ్జనం. అంబులెన్స్ మల్కాజ్‌గిరి చేరడానికి సాయంత్రమంతా పట్టింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడు కాదు, ఇంటికి తెచ్చేటప్పుడు. ఇక చేసేదేమీ లేదని డాక్టరు చెప్పాడు. అయినా అక్కడే ఉంచుదామని మా అబ్బాయి కన్నబాబు అన్నాడు. ఇంటికి అని ఆమె అంది. తెచ్చాను. ఊరేగింపులో బండి ఆగినప్పుడల్లా డప్పులకు కళ్ళు తెరిచేది. ఒకసారి నవ్వింది. రంగూన్‌లో చిన్నప్పటి నీళ్ళ పండుగ అనుకుని ఉంటుంది.

పొద్దున ఎదురింటి దేవమ్మ పాలు తెచ్చింది. మంచం దగ్గర కాసేపు నిలబడి నన్ను పక్కకు పిలిచింది.

"సారూ, జెర వరండలకు మార్చుండ్రి అమ్మను. దినం మంచిగ లేదంటున్నరు."

లోపల ప్రాణం పోతే దోషం ఇంటికి పడుతుందని ఆమె ఉద్దేశం. కదిపితే నొప్పి చేస్తుందన్నాను. కదపలేదు.

సింహాచలం నీళ్ళు అడిగింది. రెండు చెంచాలు తాగింది. "కో బాబూ" అంది. పెళ్ళయిన కొత్తలో బర్మా పద్ధతిలో నన్ను అలా పిలిచేది. ఈ దేశం వచ్చాక మా అమ్మ మాన్పించింది. తర్వాత "తలుపు" అంది. తీసే ఉంది అని చెప్పాను. కన్నబాబు టీ పెట్టుకుని వచ్చేసరికి అయిపోయింది. నేను చెయ్యి పట్టుకునే ఉన్నాను. అయినా ఏ క్షణమో తెలియలేదు.

పసుపు రాశారు. పెద్ద బొట్టు, చేతినిండా గాజులు. పుణ్యస్త్రీ, ఎంత అదృష్టం అన్నారు వచ్చినవాళ్ళు. నాతోనే అన్నారు.

ఈ రాత్రి చంద్రగ్రహణం. అందుకని తొందర చేశారు. నాలుగింటికల్లా శ్మశానం నుంచి తిరిగి వచ్చేశాం. దేవికకు ఏడో నెల. కోడల్ని కడపటి చూపుకు కూడా తీసుకురావద్దన్నారు. యాప్రాల్‌లో వాళ్ళ ఫ్లాట్ నుంచి ఫోన్‌లో ఏడ్చింది.

పంతులు పంచాంగం చూశాడు. శతభిషా నక్షత్రం. ధనిష్ఠా పంచకంలోకి వస్తుందట. ఆరు నెలలు ఇల్లు మూసిపెట్టాలట. ఆసుపత్రిలో పోయి ఉంటే ఈ బాధ లేకపోయేది అన్నాడు. కన్నబాబు నా వైపు చూడలేదు.

నాకు ఈ నమ్మకాలు లేవు.

భోంచేశాను.

8 సెప్టెంబరు

వీధి తలుపు తీసి ఉంచాను. దోమలని కన్నబాబు వేశాడు. తీశాను. మళ్ళీ వేశాడు. మళ్ళీ తీశాను. ఎందుకని అతను అడగలేదు. నేను చెప్పలేదు.

9 సెప్టెంబరు, శనివారం. యాప్రాల్

ఉదయం అస్థి సంచయనం. చిన్న కుండ. ఇంటికి తేకూడదని శ్మశానంలోనే చెట్టుకు కట్టి వచ్చారు.

మధ్యాహ్నం ఇల్లు మూశాం.

మూసేవాళ్ళం కాదేమో. పక్కింటి ఓంప్రకాశ్ వచ్చి కూర్చున్నాడు. నాలుగు తరాలుగా మల్కాజ్‌గిరి వాళ్ళు, కలప దుకాణం. చాలాసేపు సింహాచలం గురించే మాట్లాడాడు. తన ముగ్గురు పిల్లలూ పుట్టినప్పుడు ఆమె వాళ్ళింట్లోనే ఉందని గుర్తు చేశాడు. లేవబోతూ అన్నాడు.

"రమణబాబు సాబ్, చదువుకున్నోళ్ళు మీరు. మీకు చెప్పేటంతటోణ్ణి కాను. మా పెద్దనాయిన పోయినప్పుడు మేం సుత గిట్లనే నమ్మమన్నం. ఏడాది తిరగలె, ఇంట్ల ఇంకిద్దరు పోయిన్రు. అండ్ల ఒకామె కడుపుతోని ఉండె."

ఆ చివరి మాట కన్నబాబు వైపు చూసి అన్నాడు. మంచివాడే. భయపెట్టాలని అనలేదు.

రెండేళ్ళ కిందట దేవికకు అయిదో నెలలో పోయింది. ఆ తర్వాత ఏడాదిపాటు ఆ పిల్ల మనుషుల్లో పడలేదు. కన్నబాబు పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. మాదాపూర్‌లో వందమంది ఇంజనీర్ల మీద పెద్ద. అక్కడే నిలబడి నాతో అన్నాడు.

"నేను నమ్ముతానని కాదు నాన్నా. ఏదన్నా అయితే దేవిక జన్మంతా ఈ ఇంటిని అనుకుంటుంది. నేనూ అనుకుంటాను."

సరే అన్నాను. వేరే ఏం అంటాను.

రెండు సంచుల బట్టలు. ఆమె పోయిన చోట దీపం వెలిగించి వదిలేశాం. కన్నబాబు తాళం వేసి, లాగి చూసి, చెవి జేబులో వేసుకున్నాడు. దేవమ్మ గేటు దగ్గర కొంగు నోట్లో పెట్టుకుని నిలబడింది.

ఒక ఆలోచన వచ్చింది. రాసేస్తే పోతుంది. తాళం వేసినప్పుడు ఆమె లోపల ఉందా, బయట ఉందా.

నాకు ఈ నమ్మకాలు లేవు.

10 సెప్టెంబరు, ఆదివారం

యాప్రాల్ ఫ్లాట్ బాగుంది. నాలుగో అంతస్తు, గాలి బాగా వస్తుంది. నాకు ఒక గది ఇచ్చారు. దేవిక లేవలేకపోయినా లేచి కాఫీ తెచ్చింది.

ఈ ఇంటి తలుపు తీసి వదిలితే నిలవదు. దానంతట అదే వచ్చి పడుతుంది, తాళం కూడా పడిపోతుంది. చెప్పు అడ్డం పెట్టాను. పనమ్మాయి ఆ చెప్పు తీసి అరలో సర్దింది.

మనవరాలు చిన్ని వచ్చి పక్కన కూర్చుంది. సింహాచలాన్ని ఫ్వాఫ్వా అంటుంది, బర్మా మాటలో నానమ్మ. తొమ్మిదేళ్ళుగా అదే పిలుపు.

"ఫ్వాఫ్వాకి ఈ ఇల్లు తెలీదు కదా తాతయ్యా?"

తెలుసు, గృహప్రవేశానికి వచ్చింది కదా అన్నాను.

"వచ్చి తప్పిపోయింది కదా" అంది.

నిజమే. ఆ రోజు చుట్ట కాల్చుకోవడానికి కిందికి దిగింది. మళ్ళీ ఏ బ్లాకులోకి వెళ్ళాలో తెలియలేదు. వాచ్‌మన్ పట్టుకొచ్చి అప్పగించాడు. అందరూ నవ్వితే తనూ నవ్వింది. "ఏటండీ ఇవి, ఇళ్ళా, పావురాల గూళ్ళా? అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. నాను పోయినాక ఇక్కడికి రమ్మంటే రాలేను బాబూ."

అప్పుడు నేనూ నవ్వాను.

అదే రోజు, సాయంత్రం

తలుపు తీసి ఉంచడం కంచరపాలెం నాటి సంగతి. రాసి పెట్టాలి. ఇప్పుడు నాకు తప్ప ఎవరికీ తెలియదు.

అరవై నాలుగులో రంగూన్ నుంచి ఓడలో విశాఖపట్నం దిగాం. నేను, ఆమె, మా అమ్మాయి మీమీ. నేను తిరిగి వస్తున్నవాణ్ణి, అంటే మా నాన్న ఊరికి. నేను పుట్టింది ఆ ఊళ్ళోనే, చదివింది ఆ ఊళ్ళోనే. ఆమెది వేరు. ఆమెది బర్మా దేశమే. పుట్టింది, ఎనిమిదో తరగతి చదివింది, కమాయుట్ సంతలో పిన్నికి తోడు కూర్చుని పూలు అమ్మింది, నన్ను చూసింది అంతా అక్కడే. పిన్ని ఓడ దాకా వచ్చి, ఎందుకు వెళుతున్నావని ఒక్కసారే అడిగింది. ఆమె నా వైపు చూపించింది. ఇప్పటికీ ఆ చెయ్యి కనిపిస్తుంది.

కంచరపాలెంలో కాందిశీకులకు రేకుల షెడ్లు వేశారు. మాకు ఇచ్చిన దానికి తలుపు లేదు. గోనెసంచి వేలాడదీసుకున్నాం. వానలు. నెల తిరక్కుండా మీమీ విరేచనాలతో పోయింది. ఆరేళ్ళు.

ఆ సాయంత్రం ఆమె గోనెను పైకి చుట్టి తాడుతో కట్టేసింది. లాంతరు గుమ్మంలో పెట్టింది. వాళ్ళ దేశంలో అంతే. పోయినవాళ్ళ ప్రాణం ఏడు రోజులు ఇంటి చుట్టూ తిరుగుతుంది. తలుపు తీసి, దీపం పెట్టి ఉంచాలి. ఏడో రోజు భిక్షువులకు అన్నం పెట్టి, పోయినవాళ్ళను పేరుపెట్టి పిలిచి, ఇక వెళ్ళమని చెప్పాలి. అప్పటిదాకా తలుపు మూస్తే బయట నిలబడిపోతారు. ఎటూ వెళ్ళలేరు.

మా అమ్మ ముసలమ్మ శ్రీకాకుళం నుంచి వచ్చి ఉంది. బర్మా కోడల్ని చూడటం అదే మొదలు. మూడో రోజు గోనె దింపేసింది.

"మైల కొంపని బార్లా తెరిచి కూకుంటారేటే? జనం చూస్తన్నారు."

ఆమెకు అప్పటికి అర్థమయ్యేంత తెలుగు వచ్చు, జవాబు చెప్పేంత రాదు. వెళ్ళి మళ్ళీ పైకి కట్టింది. అమ్మ దింపింది. ఆమె కట్టింది. నేను షెడ్డు వెనక నిలబడ్డాను. ఆ రోజుల్లోనూ నేను చదువుకున్నవాణ్ణే.

ఏడో రోజు మాకు భిక్షువులు ఎక్కడ దొరుకుతారు. పక్క షెడ్లలో పిల్లలకు అన్నం పెట్టింది. వానలో నిలబడి "మీమీ" అని పిలిచింది. ఆ కొసా ఈ కొసా వినిపించేలా పిలిచింది. లోపలికి వచ్చి నాతో బర్మా భాషలో అంది. "తలుపు లేని ఇల్లు ఇవ్వడమే మంచిదైంది. నాకూ ఇలాగే చెయ్యి. నువ్వు తప్ప ఇక్కడ నన్ను పిలిచేవాళ్ళు లేరు."

సరే అన్నాను.

ఆ సాయంత్రం అమ్మ ఏమనుకుందో, గోనె కింద కూర్చుని చుట్ట వెలిగించి, ఇంకొకటి కోడలి చేతిలో పెట్టింది. ఆమె మామూలుగా ముట్టించింది. బర్మాలో ఆడవాళ్ళూ కాలుస్తారు. అమ్మ చూసి, ఏడుపు ముఖంతోనే నవ్వింది. "నిప్పు బైటకెట్టి కాలుస్తావేటే, గాలికారిపోదూ? లోపలికెట్టు." అడ్డపొగ నేర్పింది. మూతి కాలింది. ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్యా నాకు చోటు లేకపోయింది. అమ్మ పోయినప్పుడు నాకంటే ఎక్కువ ఏడ్చింది ఆమే.

కొండకు తీసుకెళ్ళి సింహాచలం అని పేరు పెట్టింది కూడా అమ్మే. మునుపటి పేరు నోరు తిరగదంది. నాకు తిరుగుతుంది. అయినా ఆనాటి నుంచి నేనూ పిలవలేదు. భార్యను పేరుపెట్టి పిలిచే అలవాటు మాలో లేదు.

11 సెప్టెంబరు, సోమవారం

తిన్నాను. బీపీ మాత్ర వేసుకున్నాను.

నిన్నంతా చావు గురించే రాశాను. ఆమె బతికింది డెబ్బై రెండేళ్ళు.

అరవై ఆరులో నాకు ఇక్కడి రైల్వే ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. చిలకలగూడ క్వార్టర్. కన్నబాబు అక్కడే పుట్టాడు. ఏడాదిలో కూరగాయల బండివాడితో ఉర్దూలో బేరమాడటం నేర్చింది. నాకు ఇప్పటికీ రాదు. ఆమె తెలుగు మాత్రం చివరిదాకా మా అమ్మ తెలుగే. చిలకలగూడ ఆడవాళ్ళు ఏడిపించేవారు. "ఏందమ్మా సింహాచలం, చైనా మొకం, సికాకోలు మాట." "ముఖం మా అమ్మది, మాట మా అత్తది, మీదేటి పోయింది?" అనేది. వాళ్ళతోనే బతుకమ్మ పేర్చేది. తంగేడు పూలు ఆమె పేర్చినంత గట్టిగా ఎవరూ పేర్చేవారు కాదు. పూలమ్మిన చేతులు.

ఆదివారాలు నూడుల్సు చేసేది. శనగపిండి, కొబ్బరిపాలు, వేయించిన ఉల్లిపాయ. మా సెక్షన్ అంతా వచ్చేది. జకర్యా అని మా హెడ్ క్లర్కు మూడో ప్లేటు అడగడానికి సిగ్గుపడి, గిన్నె కడుగుతానని వంటింట్లోకి వెళ్ళేవాడు.

కాన్పు కష్టమైతే వీధిలో ఆమెను పిలిచేవారు. మంత్రసాని పని ఏమీ తెలియదు. చెయ్యి పట్టుకుని కూర్చునేది, అంతే. దేవికకు పోయినప్పుడు కూడా ఆసుపత్రిలో నాలుగు రోజులూ అలాగే కూర్చుంది. దేవిక ఆ సంగతి ఇవాళ మళ్ళీ చెప్పింది. చెప్పి, ఈసారి అత్తయ్య లేదు అంది. భయపడుతోంది. ఆ భయం తప్పని నేను అనలేను.

పోయిన ఏడు చిన్ని కంప్యూటర్‌లో రంగూన్ చూపించింది. పైనుంచి తీసిన బొమ్మ. సింహాచలం తన వీధి కోసం చాలాసేపు వెతికింది. నది దొరికింది, వీధి దొరకలేదు. "పైనుంచి చూస్తే నా ఇల్లు నాకే తెలీదేటి" అని కళ్ళజోడు తీసేసింది.

మహేంద్ర హిల్స్ మీద బౌద్ధ విహారం కట్టినప్పటి నుంచి పున్నమికి వెళ్ళేది. నేను బయట ఆటోలో కూర్చునేవాణ్ణి. లోపల ఏం చేసేదో నాకు తెలియదు.

మధ్యాహ్నం ఆ విహారానికి ఫోన్ చేశాను. ఊరికే, తెలుసుకుందామని. చిన్న వయసు గొంతు, హిందీలో మాట్లాడాడు. పున్నమికి వచ్చే ముసలమ్మ అనగానే గుర్తుపట్టాడు. బుధవారం ఏడో రోజు అని నేను చెప్పకముందే లెక్క చూసుకున్నాడు. ఇల్లు తెరిచి ఉంటే ఇద్దరం వస్తాం, మధ్యాహ్నం లోపల భోజనం, మామూలు అన్నం చాలు అన్నాడు. చదవడానికి పేరు కావాలన్నాడు.

సింహాచలం అని చెప్పాను. రాసుకున్నాడు.

ఆగమని, రెండో పేరు చెప్పాను. నోరు తిరిగింది.

ఫోన్ పెట్టాక చూస్తే దేవిక గుమ్మంలో ఉంది. ఎంత విన్నదో తెలియదు.

12 సెప్టెంబరు, మంగళవారం

విన్నది. కన్నబాబుకు చెప్పింది. అతను ఆఫీసు నుంచి మధ్యాహ్నమే వచ్చేశాడు. ముగ్గురం బల్ల దగ్గర కూర్చున్నాం.

అరవలేదు. అరిస్తే సులువుగా ఉండేది. పదకొండో రోజు అయ్యాక విహారంలోనే ఎంతమందికైనా భోజనాలు పెడదామన్నాడు. అక్కడ కాదు, ఇంట్లో అన్నాను. అయితే ఇక్కడ పెడదామన్నాడు. ఈ ఇల్లు ఆమెకు తెలియదు అన్నాను. అన్నాక నా మాట నాకే వినబడింది.

"మీకు ఇవన్నీ నమ్మకం లేదు కదా నాన్నా."

"మీ అమ్మకు ఉంది."

"అమ్మ అడిగిందా?"

"అడిగింది."

"ఎప్పుడు?"

"అరవై నాలుగులో."

అక్క ఒకతె ఉండేదని అతనికి తెలుసు. గోనె సంగతి తెలియదు. చెప్పాను. నాలుగు ముక్కల్లో చెప్పాను. మొన్న తలుపు ఎందుకు తీస్తూ వచ్చానో అతనికి అప్పుడు అర్థమైంది. నేను రెండుసార్లు వేశాను కదా అన్నాడు. దోమలున్నాయి, నిజమే అన్నాను.

దేవిక రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని కూర్చుంది. అలాగే అంది.

"మామయ్యా, అత్తయ్య వీధిలో నిలబడి ఉందనుకుంటే నాకు నిద్ర పట్టదు. ఆ ఇల్లు తెరిచారనుకున్నా పట్టదు. నన్నేం చెయ్యమంటారు?"



కన్నబాబు లేచి లోపలికి వెళ్ళాడు. వచ్చి తాళంచెవి బల్ల మీద పెట్టాడు. చెయ్యి వెంటనే తీయలేదు.

"తీస్తే మాత్రం ఇక్కడికి రాకండి నాన్నా. పురుడయ్యేదాకా. కోపంతో అనడం లేదు."

తెలుసన్నాను. పదకొండో రోజు కర్మ అతను నది దగ్గర చేస్తాడు. నేను అక్కడికి వెళ్ళకూడదు. ఫోన్ చేసుకోవచ్చు. పిల్ల పుడితే మూడు నెలలు దాటాక చూడవచ్చునట. నా గుండె జబ్బు సంగతి ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఎవరమూ ఎత్తలేదు.

చిన్ని నా సంచిలో తన రంగు పెన్సిళ్ళతో వేసిన బొమ్మ పెట్టింది. ఇల్లు, గేటు, నంబరు. "ఫ్వాఫ్వాకి గుర్తు" అంది.

దేవమ్మకు ఫోన్ చేశాను. రేపు ఇల్లు తెరుస్తానని, వీధిలో ఎవరికైనా అభ్యంతరమైతే ముందే చెప్పమని అడిగాను. "నేనైతే లోపటికి రాను సారూ, తప్పు పట్టకుండ్రి. గని వాకిలి ఊడ్చి సానిపి జల్లి పెడ్తా. అమ్మ వచ్చే తొవ్వ గద" అంది.

బట్టలు సర్దుకున్నాను. రాత్రికి దేవిక పెట్టిన అన్నం తినలేకపోయాను.

రేపు పొద్దున మొదటి బస్సుకు సికింద్రాబాద్ వెళ్ళి, అక్కణ్ణుంచి మల్కాజ్‌గిరి వెళతాను. వీధి తలుపు, పెరటి తలుపు రెండూ తీస్తాను. దీపం మళ్ళీ వెలిగిస్తాను. అన్నం వండుతాను, పప్పు ఒకటి. భిక్షువులు వచ్చేలోగా వాకిట్లోకి వెళ్ళి ఖిన్ మే అని పిలుస్తాను. వీధి కొసదాకా వినిపించేలా పిలుస్తాను.